నేను ముప్పై కోట్లు ముంచిన రోజు

యుద్ధం సినిమా చూసేటప్పుడు మీరంతా ఏం చూస్తారో నాకు తెలుసు. పేలుళ్లు, పరుగులు, హీరో చేతిలో జెండా. నేను మాత్రం గుండీలు చూస్తాను. తెర మీద బాంబు పడి ఇరవై మంది గాల్లోకి ఎగురుతుంటే, వాళ్లలో నాలుగోవాడి భుజం పట్టీ ఊడి వేలాడుతోందేమిటని నా ప్రాణం కొట్టుకుంటుంది. మా ఆవిడ నాతో సినిమాకు రావడం ఎప్పుడో మానేసింది. "అందరు ఏడుస్తుంటే నువ్వు గుండీలు చూస్తవు. నీ పక్కన కూసుంటే నాకు ఏడుపు గూడ సక్కగ రాదు" అంటుంది.

ఆమెది తప్పు కాదు. ముప్పై మూడేళ్లు సినిమాల్లో బట్టల విభాగంలో పనిచేశాను. ఇస్త్రీ పెట్టె పట్టుకుని మొదలుపెట్టి, చివరి పదేళ్లు ఆ విభాగానికి పెద్దగా ఉండి, మోకాళ్లు ఇక చాలన్నాక షంషాబాద్ పక్కన సాతంరాయిలో ఇంటిపట్టున కూర్చున్నాను. రాజుల కిరీటాలు, పోలీసు టోపీలు, పెళ్లికొడుకుల షేర్వాణీలు, అన్నీ నా చేతుల మీదుగా పోయాయి. యుద్ధం సినిమాలైతే ఏడు చేశాను. నిజం సైన్యంలో కూడా ఇన్ని యుద్ధాలు చూసినవాళ్లు తక్కువే ఉంటారేమో.

ఈమధ్య బట్టల డిజైన్ చదువుకుంటున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. టీ తాగాక ఒకమ్మాయి అడిగింది, "అంకుల్, యుద్ధం సినిమాల్లో మీకు బాగా నచ్చిన సీన్ ఏది?" అని. నచ్చినవి చాలానే ఉన్నాయి. సినిమాల పేర్లు మరిచిపోయాను గానీ సీన్లు మరవలేదు. ఒకదాంట్లో కందకంలో కూర్చున్న సిపాయి చిరిగిన మేజోడు కుట్టుకుంటూ ఉంటాడు. సూది ఎక్కదు, చేతులు వణుకుతుంటాయి. పక్కవాడు తుపాకీ కింద పెట్టి దారం ఎక్కించి ఇస్తాడు. ఇంకోదాంట్లో యుద్ధం అయిపోయాక వంటవాడు అలవాటు చొప్పున అందరికీ కంచాలు వేస్తాడు. తినడానికి వచ్చేవాళ్లు సగం మందే. నాకు అలాంటివి నచ్చుతాయి. తుపాకీ మోగని చోటనే యుద్ధం బాగా వినిపిస్తుందని నా నమ్మకం.

కానీ అన్నిటికన్నా నచ్చిన సీను నేను పనిచేసిన సినిమాలోదే. అది నా గొప్పతనం వల్ల రాలేదు. నా తెలివితక్కువతనం వల్ల వచ్చింది. మీరు ఈ పనిలోకి రాబోతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తానని ఆ పిల్లలతో అన్నాను. వాళ్లకు చెప్పిందే ఇది.

ఆ సినిమా కథ మంచు కొండల మీద ఒక సైనిక శిబిరం గురించి. అసలు మంచు కొండలకు పోవడానికి అనుమతులు కుదరలేదు, హీరోగారికి చలి కుదరలేదు. దాంతో మంచు కొండలే మా కొత్తూరు అవతల ఒక రాళ్లగుట్ట మీదికి దిగాయి. ఏప్రిల్ నెల. రాయి మీద చేయి పెడితే కాలుతోంది. దాని మీద పత్తి పరిచి, తెల్ల కాగితం ముక్కలు చల్లి, సబ్బు నురగ కొట్టి మంచు చేశారు. ఆ మంచులో సైనికులుగా మా షంషాబాద్, కొత్తూరు వాళ్లే. ఫ్యాక్టరీ షిఫ్టు అయిపోయి వచ్చినవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు, ఒకరిద్దరు కూరగాయల బండివాళ్లు. ఒక్కొక్కరికీ మందపాటి ఉన్ని కోటు తొడిగి, "చలికి వణకండి" అని చెప్పేవాళ్లం. చెమటలు కారుతుంటే వణకడం ఎంత కష్టమో మీరెప్పుడైనా ప్రయత్నించి చూడండి.

దానికి తోడు విమానాలు. గుట్ట ఎయిర్‌పోర్టుకు దగ్గర. మా యుద్ధం ఇంకా జెట్ విమానాలు ఎరుగని కాలంనాటిది. ప్రతి పది నిమిషాలకోసారి మా సౌండ్ ఆయన చెవుల మీద చేతులు పెట్టుకుని, తర్వాత ఒక చేయి పైకెత్తేవాడు. అంటే విమానం వస్తోందని. వెంటనే యుద్ధం ఆగిపోయేది. గుండు తగిలి పడి ఉన్నవాడు తల ఎత్తి, "గిది దుబాయ్‌ది గదా? ఇయ్యాల లేటయింది" అనేవాడు. పక్కనున్న శవం, "కాదే, దుబాయ్‌ది పొద్దుగాలనే పాయె" అని సరిదిద్దేది. విమానం పోయాక ఇద్దరూ మళ్లీ చచ్చిపోయేవాళ్లు.

నా కింద పనిచేసిన టైలర్ షంషాబాద్ పాత బస్తీ మనిషి. అందరం ఆయన్ను భాయ్ అనేవాళ్లం. నాకన్నా రెండేళ్లు చిన్న. మెడలో టేపు లేకుండా ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. వాళ్ల తాత, తండ్రి, ఆయన, ముగ్గురూ కుట్టుపనివాళ్లే. బట్ట ముట్టుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలడు. అలాంటి మనిషి మాట నేను వినలేదు. అక్కడే వచ్చింది తంటా అంతా.

సినిమాలో ఆఖరి సీను తీయడానికి రెండు రోజుల ముందు ఒక పేలుడు తీశారు. రక్తం కోసం చక్కెర పాకంలో ఎర్ర రంగు కలిపి డబ్బాలు పెట్టేవాళ్లు. ఆ డబ్బాల్లో ఒకటి పేలుడుకు మరీ దగ్గరగా ఉండిపోయింది. ఢామ్మంది. ఎర్ర పాకం వాన కురిసినట్టు కురిసి ముప్పై మంది సైనికుల ముప్పై కోట్లూ తడిసిపోయాయి. పాకం కదా, పది నిమిషాల్లో చీమలు వచ్చేశాయి. ఆ రోజు మా సైనికులు చనిపోయాక కూడా గోక్కుంటూనే ఉన్నారు.

డైరెక్టర్ గారు గోదావరి వైపు మనిషి. కోపంలో కూడా గారు, అండీ మరిచిపోరు. నన్ను పిలిచి అడిగారు.

"ఎల్లుండి ఆఖరి సీనండీ. కోట్లు శుభ్రంగా కావాలి. ఎల్లుండి తర్వాత ఈ గుట్ట మనది కాదు, ఆ కుర్రాడి డేట్లూ ఉండవు. అవుతుందా?"

ఆ కుర్రాడంటే సినిమాలో చనిపోయే చిన్న సిపాయిగా వేస్తున్న నటుడు. ఎల్లుండి సాయంత్రమే ఇంకో సినిమాకు ముంబై విమానం ఎక్కాలి.

నేను ఛాతీ విరుచుకుని, "నాకు వదిలెయ్యండి సార్" అన్నాను. పిల్లలూ, ఈ మాట మాత్రం ఎప్పుడూ అనకండి.

సిటీలో డ్రై క్లీనింగ్ వాళ్లను అడిగితే నాలుగు రోజులన్నారు. నాలుగు రోజులెక్కడివి? నేనే ఉతుకుతానన్నాను. భాయ్ ఒక కోటు అంచు రెండు వేళ్లతో నలిపి చూశాడు.

"అన్నా, గిది అసలు ఉన్ని. గరం పానీ తగిలిందంటే ముడుచుకుంటది. చల్ల నీళ్లల్ల మెల్లగ జాడిద్దాం. మరకలు జర ఉంటే ఉండనియ్. యుద్ధం గదా."

"చల్ల నీళ్లకు గా ఎర్ర రంగు పోతదా భాయ్? నువ్వు కుట్టుడు చూసుకో. ఉతుకుడు నాకు తెలుసు."

పాతికేళ్ల అనుభవం మాట్లాడిందది. మర్నాడు పొద్దున రెండు డ్రమ్ముల నీళ్లు సలసలా మరగబెట్టి, సోడా వేసి, కోట్లన్నీ ముంచి, గంటసేపు కట్టెతో కలిపాను. బిర్యానీ కలిపినట్టు కలిపాను. రంగు పూర్తిగా పోయింది. బయటికి తీసి పిండుతుంటే బట్ట గట్టిగా, మందంగా చేతికి తగిలింది. నాకు సంబరమైంది.

"చూసినవా భాయ్! కొత్తదాని లెక్క దిట్టంగయింది."

భాయ్ చూశాడు. మెడలోని టేపు సర్దుకుని టీ తాగడానికి వెళ్లిపోయాడు. ఆయన టీకి పోయిన తీరు చూసైనా నాకు అర్థం కావలసింది.

తాళ్ల మీద ఆరేసి ఇంటికి వెళ్లాను. సీను తీయాల్సిన రోజు పొద్దున్నే వచ్చి మొదటి కోటు తీసి, కొత్తూరు ఫ్యాక్టరీలో లోడింగ్ పనిచేసే ఒక బలమైన మనిషికి తొడిగాను. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. వెనక వీపు మధ్యలో ఆగిపోయింది. గుండీకి, గుండీ కన్నానికీ మధ్య జానెడు దూరం.

"అన్నా, గిది నాది కాదనుకుంట. మా బిడ్డ సైజున్నది" అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా.

రెండోది తొడిగాను. మూడోది. పదోది. ముప్పై మందీ తమ్ముళ్ల బట్టలు దొంగిలించి పారిపోతున్నవాళ్లలా నిలబడ్డారు. ముందుగా ప్రొడక్షన్ మేనేజర్‌కు చెప్పాలి కాబట్టి ఫోన్ చేశాను.

"సార్, ముప్పై కోట్లు పోయినయ్."

అటునుంచి సన్నటి గొంతు. "ఎవరు పట్టుకుపోయారు?"

"ఎవరూ పట్టుకుపోలేదు సార్. నేనే ముంచిన."

కుర్చీ పడిన చప్పుడైంది. "నువ్వు... నీకు ముప్పై కోట్లు ఎవరిచ్చారయ్యా?"

"మీరే ఇచ్చిండ్రు గద సార్! వేడి నీళ్లల్ల ముంచిన. పొట్టిగయినయ్."

నిమిషం పట్టింది ఆయనకు అర్థం కావడానికి. "తొడుక్కునే కోట్లా? ఆ మాట ముందు చెప్పొద్దూ! నా గుండె ఆగిపోయింది కదయ్యా!" అని ఊపిరి పీల్చుకుని పెద్దగా నవ్వేశాడు. అంత నష్టం విని బయటపడ్డ మనిషికి ముప్పై ఉన్ని కోట్లు ఒక లెక్కా? నవ్వి, ఒక సలహా కూడా ఇచ్చాడు. "లాండ్రీ వాళ్లు పాడుచేశారని చెప్పేయ్. డైరెక్టర్ గారు వెళ్లి అడగబోతారా?"

ఫోన్ పెట్టేసి డైరెక్టర్ గారి గొడుగు వైపు నడిచాను. లాండ్రీవాళ్ల అబద్ధం నాలుక చివర తయారుగా ఉంది. భాయ్ నా వెనకే వస్తున్నాడు. వద్దన్నా వస్తున్నాడు. నేను నోరు తెరిచే ముందు ఒకసారి ఆయన ముఖం చూశాను. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నేనేమంటానా అని చూస్తున్నాడు, అంతే.

"సార్, కోట్లన్నీ పాడైనయి. వేడి నీళ్లల్ల పెట్టొద్దని భాయ్ చెప్పిండు. నేనే ఇనలేదు. తప్పు నాదే."

డైరెక్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు. అరిస్తే బాగుండునని నాకనిపించింది.

"సూర్యుడు నడినెత్తికి రాకముందే ముప్పై మందికి ఏదో ఒకటి కప్పండి" అన్నారు చివరికి. "లేకపోతే మీరు రేపట్నుంచి రానక్కర్లేదండీ." ఆ 'అండీ' నాకు ఇప్పటికీ గుర్తుంది.

పక్కకు వచ్చి ఒక రాయి మీద కూలబడ్డాను. సిటీలో అద్దెకిచ్చే షాపులన్నిటికీ ఫోన్లు చేశాను. ఎండాకాలంలో చలికోట్లు అడుగుతున్నానని ఒకాయన నవ్వాడు కూడా. అప్పుడు భాయ్ స్కూటర్ తెచ్చి నా ముందు ఆపాడు.

"పరేషాన్ అవుడు అయినంక బండెక్కు అన్నా."

"ఎక్కడికి?"

"గొంగళ్లకు."

నాకు అర్థం కాలేదు. దారిలో చెప్పాడు. వాళ్ల తాత కాలం నుంచి ఈ చుట్టుపక్కల గొర్లకాపరుల గొంగళ్లకు అంచులు కుట్టేది వాళ్ల ఇంట్లోనేనట. ఏ ఊళ్లో ఎవరింట్లో ఎన్ని గొంగళ్లు ఉన్నాయో ఆయనకు తెలుసట. సాతంరాయి దాటి లోపలికి వెళ్లాక రేకుల కొట్టం ముందు ఒక ముసలాయన గొర్రెపిల్ల కాలికి పసుపు రాస్తూ కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. భాయ్‌ని చూసి, "ఏంది దర్జీ కొడుకా, ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా?" అన్నాడు.

భాయ్ సంగతంతా చెప్పాడు. నా ఉతుకుడు గురించి కూడా చెప్పాడు, కొంచెం ఎక్కువ చేసి. ముసలాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఉన్నిని ఉడకబెట్టినవా?"

"పెట్టిన తాతా."

"మా గొర్రె సుత గా పని జెయ్యదు, తమ్మి."

నేను తల దించుకున్నాను. ఆయన నవ్వి లోపలికి వెళ్లి నల్లటి గొంగడి ఒకటి తెచ్చాడు. బరువుగా, గరుకుగా, గొర్రె వాసనతో. ఎయిర్‌పోర్టు వచ్చి మేపే భూములు తగ్గాక మందలూ తగ్గాయనీ, గొంగళ్లు మాత్రం ప్రతి ఇంట్లో పెట్టెల్లో పడి ఉన్నాయనీ చెప్పాడు. ఫోన్ తీసి బావమరుదులకు, అల్లుళ్లకు చేశాడు. రెండు గంటల్లో మూడు ఊళ్ల నుంచి ముప్పై గొంగళ్లు వచ్చాయి. ఒక్క షరతు పెట్టాడు.

"ఇవి మా పెండ్లిళ్లల్ల పరిచేటియి. దేవుని కాడ పరిచేటియి. మీ చేతులల్ల పెట్టి ఊకోను. నేను ఎంబడి వస్త. ఎర్ర పాకం గిట్ల పోస్తే సూడు మల్ల!"

షూటింగ్ వ్యాను పిలిపిస్తే, దాని వెనక గొంగళ్ల దొంతర మీద కూర్చుని వచ్చాడు. ముందు సీట్లో కూర్చోమంటే ఒప్పుకోలేదు.

తెల్లటి దొంగ మంచు మీద ముప్పై మంది నల్ల గొంగళ్లు కప్పుకుని నిలబడితే కెమెరా ఆయన తన కుర్చీలోంచి లేచాడు. డైరెక్టర్ గారు చాలాసేపు చూసి, "బాగుందండీ. కానీ కథలోకి ఇవి ఎలా వస్తాయి? ఎవరిచ్చారని చెప్పాలి?" అన్నారు, ఎవర్ని అడుగుతున్నారో తెలియకుండానే.

జవాబు తాత చెప్పాడు. "ఎవలిస్తరు సారూ? చలికి చస్తుండ్రని గొర్లకాపరోళ్లు ఇచ్చిర్రు. గంతే గద. చలిలున్నోన్ని సూసి ఎవలైనా ఇస్తరు."

డైరెక్టర్ గారు అక్కడే రాయి మీద కూర్చుని కాగితం తీశారు. పావుగంట రాశారు. తర్వాత తాత దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీరే ఆ కాపరిగా చెయ్యాలండీ."

"నాకు యాక్టింగ్ రాదు."

"యాక్టింగ్ వద్దు. ఆ కుర్రాడు అక్కడ పడుకుని ఉంటాడు. మీరు నడుచుకుంటూ వెళ్లి మీ గొంగడి అతనికి కప్పండి. ముఖం మీదిదాకా కప్పేసి లేచి వచ్చేయండి. అంతే."

అప్పటికే మధ్యాహ్నం దగ్గరపడింది. ఆ కుర్ర నటుడు దొంగ మంచు మీద పడుకుని గడియారం చూసుకుంటున్నాడు. ఎప్పుడు అయిపోతుందో, సాయంత్రం విమానం అందుతుందో లేదోనని అందర్నీ అడుగుతున్నాడు. తాత అతని పక్కన నిలబడి అంతా విన్నాడు. "గీడికెల్లి ఎయిర్‌పోర్ట్ ఎంత దూరం బిడ్డా, అగ్గో గా కనవడేదే. దొరుకుతది తియ్" అని ధైర్యం చెప్పాడు.

షాట్ మొదలైంది. తాత గొంగడి భుజాన వేసుకుని రాళ్ల మధ్య నుంచి నడిచి వచ్చాడు. రోజూ నడిచినట్టే నడిచాడు. కుర్రాడి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గొంగడి పరిచి కప్పాడు. మెడదాకా కప్పాడు. రెండు వైపులా అంచులు ఒంటి కిందికి దోపాడు, పసిపిల్లకు దోపినట్టు. అక్కడ ఆగిపోయాడు.

కెమెరా పక్క నుంచి ఎవరో, "ముఖం, ముఖం" అని గుసగుసగా అన్నారు. తాత కప్పలేదు. ఎండ సూటిగా కుర్రాడి కళ్లలో పడుతోంది. కనురెప్పలు అదురుతున్నాయి. నుదుటి మీద చెమట. తాత తన తలపాగా కొసతో ఆ చెమట తుడిచాడు. తర్వాత అరచేయి అతని కళ్లకు అడ్డుగా నీడలా పెట్టి అలాగే ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడు దూరంగా విమానం చప్పుడు. సౌండ్ ఆయన అలవాటు చొప్పున చేయి సగం ఎత్తాడు. సగంలోనే ఆపాడు. డైరెక్టర్ గారు కట్ అనలేదు. చప్పుడు పెద్దదై నెత్తి మీదికి వచ్చింది. తాత తల పైకెత్తి చూశాడు. కుర్రాడి వైపు వంగి మెల్లగా అన్నాడు.

"అగో, విమానం వచ్చింది బిడ్డా. ఇగ పరేషాన్ గాకు. నిన్ను తోల్కపోతది."

ఆయన అన్నది ముంబై విమానం గురించి. అది నాకు తెలుసు, భాయ్‌కి తెలుసు, కుర్రాడికి తెలుసు. కానీ మంచులో ప్రాణం పోతున్న సిపాయి చెవిలో ఒక గొర్లకాపరి ఆ మాట చెప్తుంటే... నేను గుండీలు చూడటం మరిచిపోయాను. ముప్పై మంది సైనికుల్లో ఒక్కడూ కదల్లేదు. కుర్రాడి మూసిన కళ్లలోంచి నీళ్లు జారి చెవి వైపు పోయాయి. ఆ నీళ్లు కాగితంలో లేవు.

చాలాసేపటికి గానీ డైరెక్టర్ గారికి కట్ చెప్పాలని గుర్తురాలేదు. ఆయన తాత దగ్గరికి వెళ్లి, "ముఖం ఎందుకు కప్పలేదండీ?" అని అడిగారు.

తాత ఆశ్చర్యపోయాడు. "ఊపిరాడుతున్నది గద సారూ! ఊపిరున్నోని మొకం ఎట్ల కప్పుత?"

ఇంకో టేక్ కోసం ప్రయత్నించాం. తాత నడిచి వచ్చి, పడుకున్న కుర్రాణ్ణి చూసి, "మల్లెందుకు? ఇందాక కప్పిన గద" అన్నాడు. ఇక చాలనుకున్నాం.

ఆ విమానం చప్పుడు తీసేయాలని మొదట అనుకున్నారు. సౌండ్ ఆయన ఒప్పుకోలేదట. అది జెట్ చప్పుడని చెవులున్న ఎవడికైనా తెలుస్తుంది, ఆ కాలంలో అలాంటివి లేవు, అయినా ఉంచాలని పట్టుబట్టాడట. ఇరవై రోజులు విమానాలను తిట్టిన మనిషి ఆయనే.

సినిమా వచ్చాక అందరూ ఆ సీను గురించే మాట్లాడారు. డైరెక్టర్ గారిని ఒక సభలో ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, గొంగడి కప్పే కాపరి తన మనసులో పదేళ్లుగా ఉన్నాడని చెప్పారు. నేను, భాయ్ ఆఖరి వరుసలో కూర్చుని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. భాయ్ నా చెవిలో, "పదేండ్లు కాదన్నా, గంట మరిగినంక వచ్చిండు" అన్నాడు. నవ్వు ఆపుకోలేక బయటికి వచ్చేశాం. డైరెక్టర్ గారి మీద నాకు కోపం లేదు. తప్పు ఒప్పుకున్నవాడికి ఆయన ఉద్యోగం ఉంచారు. ఆ తర్వాత నాలుగు సినిమాలకు నన్నే పిలిచారు, ప్రతిసారీ ఉన్ని బట్టలు మాత్రం భాయ్ చేతికే ఇచ్చారు.

కాబట్టి పిల్లలూ, మీరు నా నుంచి నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే అది ఉన్నిని చల్ల నీళ్లలో ఉతకాలని మాత్రమే. ఇంకోటి, మీకన్నా బట్ట బాగా తెలిసినవాడు టీ తాగడానికి లేచి వెళ్లిపోతే, వెనకాలే పరుగెత్తి ఎందుకని అడగండి. నేను చేసిన తప్పు మీరు చేస్తే ఇలాంటి సీను వస్తుందన్న హామీ నేనివ్వలేను. మీకు ముప్పై పొట్టి కోట్లు మాత్రం ఖాయంగా వస్తాయి.

సినిమా ఆడుతున్న మొదటి వారంలోనే నేను, భాయ్ తాతను అత్తాపూర్‌లో ఒక థియేటర్‌కు మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్లాం. ఆయన థియేటర్‌కు వచ్చి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. ఉతికిన ధోవతి, కొత్త తలపాగాతో వచ్చాడు. ఏసీ చలికి కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాడు. తన సీను వచ్చినప్పుడు కూడా కదలకుండా చూశాడు. హాల్లో ముక్కులు ఎగబీల్చే చప్పుడు తప్ప ఏమీ లేదు.

మా ముందు వరుసలో ఒకమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనున్న స్నేహితురాలు ఓదారుస్తున్నా ఆగడం లేదు. తాత కాసేపు చూశాడు. ఓర్చుకోలేకపోయాడు. ముందుకు వంగి ఆ అమ్మాయి భుజం తట్టాడు.

"ఏడ్వకు బిడ్డా. గా పోరనికి ఏం గాలే. మంచిగున్నడు."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. చీకట్లో తెర వెలుగు తాత ముఖం మీద పడుతోంది. ఆమె తెర మీది ముఖం చూసింది, వెనకాల ముఖం చూసింది. మళ్లీ తెర వైపు చూసింది.

"నిజంగనా తాతా?"

"నీతోని అబద్ధం జెప్తనా? కెమెరా బందుపెట్టంగనే లేచి కూసున్నడు. ఉక్కవోస్తున్నదన్నడు. నేనే మజ్జిగ పోసిన. రెండు చెంబులు తాగిండు."